దొరసాని గొంతు

మేడమీద గది, కిటికీ పక్క బల్ల

అన్నయ్యకి,

డాక్టరు నా నోటికి తాళం వేశాడు. గొంతులో బొడిపెలు కోసి తీసేసింది చాలదన్నట్టు, మూడు నెలల పాటు మాట కాదు కదా, గుసగుస కూడా పనికిరాదన్నాడు. "మరి దగ్గొస్తే?" అని కాగితం మీద రాసి అడిగాను. "మర్యాదగా దగ్గండి" అన్నాడు. తను పెద్ద హాస్యగాడినని ఆయనకి ఎవరో చెప్పి ఉంటారు.

ఫోన్లో నేను మాట్లాడకూడదు. నువ్వేమో ఫోనంటేనే మండిపడతావు, మెసేజీలు చదవనని ఒట్టు పెట్టుకున్నావు. వేలితో పొడిచినవి మాటలు కావంటావు. అందుకని ఉత్తరం రాయాల్సొచ్చింది. నీలాంటివాళ్ళతో చుట్టరికం ఉన్నవాళ్ళ వల్లే పోస్టాఫీసు ఇంకా నడుస్తోందనుకుంటాను.

నేను మాట్లాడటం మానేసిన దగ్గర్నుంచి మీ బావ నాతో గట్టిగా అరిచి మాట్లాడుతున్నాడు. పోయింది గొంతయితే చెవులనుకుంటున్నాడు. బజారులో ఇంకా అన్యాయం. ఇదివరకు మందుల షాపులో "జలుబు మాత్రలివ్వండి" అంటే చాలు, ముందున్నవాళ్ళంతా వెనక్కి తిరిగి "దొరసాని!" అనేవాళ్ళు. పక్కకి జరిగి దారిచ్చేవాళ్ళు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది కూడా. ఇప్పుడు వేలు చూపించి మాత్రలు కొనుక్కుంటున్నాను. మొన్న షాపువాడు నాకు చిల్లర బదులు రెండు చాక్లెట్లు చేతిలో పెట్టాడు. దొరసానికి ఎవడైనా చాక్లెట్లు ఇస్తాడా?

ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుతోంది. అందుకని స్పానిష్ నేర్చుకుంటున్నాను. నవ్వకు. ఆ స్పానిష్ సీరియల్లో దొరసాని పెదాలకి ఇన్నేళ్ళుగా నా గొంతు అతికించాను. నువ్వు మన భాషలోకి మార్చి రాసిచ్చావు, నేను మైకు ముందు నిలబడి చదివాను. అసలు ఆవిడ ఏమంటుందో నాకు ఒక్క ముక్క తెలియదు. చెవిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను గానీ, పక్కింట్లో మిక్సీ విన్నట్టే విన్నాను.

ఒక చిన్నపిల్లల బడిలో సాయంత్రాలు క్లాసు జరుగుతోంది. వాళ్ళ బెంచీల మీదే కూర్చోవాలి, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. చెప్పేది టై కట్టుకొచ్చే ఒక మాస్టారు. మొదటి పాఠం ఇది: "నేను డాక్టరును. ఆమె నర్సు. పిల్లి బల్ల కింద ఉంది." ఏ దేశం వెళ్ళినా మనిషి ముందు పిల్లి జాడ చెప్పాలి కాబోలు. అందరూ కోరస్‌గా అరుస్తారు. నేను శబ్దం లేకుండా పెదాలు కదుపుతాను. ఆ విద్య నాకెవరూ నేర్పక్కర్లేదు.

అక్కడ వస్తువులకి కూడా ఆడా మగా ఉంది. బల్ల ఆడది. కుర్చీ ఆడది. పుస్తకం మగాడు. సమస్య కూడా మగాడేనట. ఈ ఒక్క విషయంలో వాళ్ళకి బుద్ధుందని ఒప్పుకున్నాను.

నీకివన్నీ మంచినీళ్ళ ప్రాయం కదా, కాస్త చెప్పు. 'ఉండటం' అనడానికి వాళ్ళకి రెండు మాటలట, సెర్ అని ఒకటి, ఎస్తార్ అని ఒకటి. ఏది ఎక్కడ వాడాలి?

నా మైకు ముందు నిలబెట్టిన ఆ కొత్తపిల్ల ఎలా ఏడుస్తోందో కూడా నిజం రాయి. మూడు నెలలయ్యాక వచ్చి నా మైకు నేను తీసుకుంటాను. అందాకా దానిమీద తుంపరలు పడకుండా చూడు.

గిలక


స్టూడియో, వెనక గది

ఒసే గిలకా,

నోరు మూసుకోమంటే పోయి ఇంకో నోరు తెచ్చుకున్నావు. చిన్నప్పుడు బావి గిలకలాగా ఆగకుండా కీచుమంటున్నావనే కదా నాన్న నీకా పేరు పెట్టింది! నీ ఉత్తరం మన రికార్డింగు సౌండాయనకి చదివి వినిపించాను. ఆయన నవ్వలేదు. ఆయన నవ్వడు, ఆయనకి శబ్దాలే తప్ప మాటలు వినపడవు.

భాష అనేది పిల్లల బెంచీ మీద కూర్చుంటే రాదు. అది ఒంట్లో ఉండాలి. సెర్, ఎస్తార్ లాంటి చిల్లర సంగతులు నన్నడిగి నా కాలం పాడుచెయ్యకు. నేను భావం చూసేవాణ్ణి. అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను, ఏది వాడినా ఒకటే. సందర్భాన్ని బట్టి అదే నోటికొస్తుంది. టైలు కట్టుకునేవాళ్ళు ఇలాంటి తేడాలు కనిపెట్టి ఫీజులు వసూలు చేస్తారు.

ఇక్కడ గది నువ్వు వదిలి వెళ్ళినట్టే ఉంది. గోడలకి ప్రతిధ్వని రాకుండా కొట్టిన కోడిగుడ్ల అట్టలు, మూలన బూజు, ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాను ఆపేయడం. చెమటలో కూర్చుని రాస్తున్నాను. చూసేవాళ్ళేమో సోఫాలో కూర్చుని, ఏడుపొచ్చినప్పుడు ఏడ్చి, ప్రకటనలప్పుడు లేచి గిన్నెలు తోముకుంటారు. వాళ్ళకోసం నేను రక్తం ధారపోస్తున్నాను.

కొత్తపిల్ల గురించి అడిగావు. ఏడవమంటే తుమ్ముతుంది. కోప్పడమంటే ముక్కుతో సాగదీస్తుంది. ఏదో తాత్కాలికానికి పెట్టారు. నీ మైకు నీదే. ఆ బెంగ పెట్టుకోకు, ఆ క్లాసు కూడా మానెయ్.

అన్నయ్య


మేడమీద గది, బయట వాన

పండితుడు అన్నయ్యగారికి,

అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. భావం చూసేవాడివా? నాడి చూసేవాడిలాగా ఆ కోతలేమిటి? టై మాస్టారు ఒక్క నిమిషంలో చెప్పాడు. పొడుగు, పొట్టి, ఆడ, మగ, ఇలా మనిషిని వదలకుండా ఉండేవాటికి సెర్. అలసట, కోపం, జ్వరం, ఇలా వచ్చి పోయేవాటికి ఎస్తార్. ఆయనంటే నాకేమీ గొప్ప గౌరవం లేదు. టై మీద ఎప్పుడూ సుద్దపొడి. ప్రశ్నకి ముందు ఒక గుర్తు తలకిందులుగా, వెనక ఒకటి మామూలుగా పెట్టాలని చెప్పడానికి అరగంట తీసుకున్నాడు. అయినా ఆయన చెప్పింది నాకర్థమైంది, నువ్వు రాసింది అర్థం కాలేదు. నీకు సిగ్గుగా లేదూ?

క్లాసులో ఒక బ్యాంకు గుమస్తా ఉన్నాడు. 'కాఫీ అంటే ఇష్టం' అని చెప్పడానికి ప్రాణం పోతోంది ఆయనకి. ఆ భాషలో మనం కాఫీని ఏమీ చెయ్యం. కాఫీయే వచ్చి మనకి నచ్చుతుంది. మే గుస్తా, నాకు నచ్చుతుంది, అంతే. తలనొప్పీ అంతే, నాకు తల నొస్తోంది. పుట్టినప్పట్నుంచీ ఇంట్లో ఇలాగే మాట్లాడిన మనిషి, ఇంగ్లీషు దారిన వెళ్ళి మధ్యలో ఇరుక్కుపోయాడు. క్రియ వింటే ఎవరో తెలిసిపోతుంది కాబట్టి 'నేను, నేను' అని గుండెలు బాదుకోనక్కర్లేదు. చనువున్నవాళ్ళకి తు, మర్యాదకి ఉస్తెద్. మన నువ్వూ మీరూ! ఇంత మనింటి భాషని బ్రహ్మవిద్యలాగా దాచుకుని ఇన్నేళ్ళూ మా దగ్గర ఫోజు కొట్టావన్నమాట.

మాస్టారు నిన్న ఒక్కొక్కళ్ళనీ లేపి 'నేను ఫలానా' అని చెప్పమన్నాడు. నా వంతొచ్చింది. 'నేను మూగదాన్ని' అని బోర్డు మీద రాయమన్నాడు. సెర్ రాయాలా, ఎస్తార్ రాయాలా అని సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. ఆయన జాలిగా చూశాడు. జాలిగా చూసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఎస్తార్ రాసి వచ్చి కూర్చున్నాను.

సౌండాయనకి కబురుపెట్టి, మన సీరియల్ అసలు భాషలో ఉన్నది మొదట్నుంచీ తెప్పించుకున్నాను. వింటున్నాను. దొరసాని అంత వేగంగా మాట్లాడితే నాలాంటిదానికి ఏం అందుతుంది? కానీ మధ్యలో తెలిసిన మాట ఒకటి వినిపిస్తే, సంతలో తప్పిపోయిన చుట్టం కనపడ్డట్టుంటుంది. రేపు ఆ శవపేటిక సీను చూస్తాను.

గిలక


స్టూడియో, వెనక గది

గిలకా,

ఆ సీను జోలికి వెళ్ళకు. నా మాట విను.

ఎందుకంటే కళ అనేదాన్ని అలా పొట్ట కోసి చూడకూడదు. "నాన్నా! ఈ పెట్టె మూసినా మన మాట మూతపడదు. నీ ఊపిరి నా మాటలో బతుకుతుంది." ఆ మాట రాసింది నేను, పలికింది నువ్వు. అది విని సౌండాయనంతటి రాతిమనిషి హెడ్‌ఫోన్లు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. జనం దాన్ని శ్రద్ధాంజలి ప్రకటనల్లో వేసుకుంటున్నారు. అక్కడితో వదిలెయ్. నీ మొదటి పుస్తకం చదువుకి ఆ సీను లొంగదు. రెండు ముక్కలు వచ్చీ రాక ఏదో విని, ఇంకేదో అనుకుంటావు.

నాకిక్కడ తీరికలేదు. చివరి భాగాలొచ్చాయి. దొరసాని చేతులకి పోలీసులు బేడీలు వేస్తున్నారు. తప్పుడు కేసన్నమాట! మరిది కుట్ర. నా బుర్రలో అప్పుడే డైలాగులు తిరుగుతున్నాయి. జనం గుండెలు పగిలి చావాలి.

ఇంకో తలనొప్పి. అసలు సీరియల్ తీసిన ఛానెల్ నుంచి ఒకావిడ వస్తోందట. మిగతా దేశాల్లో దొరసానిని తిట్టిపోస్తుంటే, మన దగ్గర మాత్రం పుట్టిన పిల్లలకి ఆవిడ పేరు పెట్టుకుంటున్నారట. ఎందుకని తెలుసుకోవాలట. రాసినాయనతో స్వయంగా, వాళ్ళ భాషలోనే మాట్లాడతానందట. ఇలాంటి పనిలేనివాళ్ళకి విమానం టిక్కెట్లు ఎవరు కొనిపెడతారో!

ఆ సీను చూడకు.

అన్నయ్య


మేడమీద గది

అన్నయ్యా,

చూశాను. ఒక్కసారి కాదు. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూశాను.

శవపేటిక దగ్గర దొరసాని నిలబడి ఉంటుంది. కళ్ళనిండా నీళ్ళు. చుట్టూ తెల్లపూలు. నోరు తెరిచి ఆవిడ అన్నమాట ఇది: "ఎవరైనా ఆ కిటికీ తెరవండి. ఈ పూలకి నాకు తల నొస్తోంది. లాయరు ఎక్కడ?"

కిటికీ, పువ్వు, తల, ఎక్కడ. నా మొదటి పుస్తకంలో మొదటి పాఠాలు. ఇందులో నాకు లొంగనిది ఏముంది అన్నయ్యా? ఆ కన్నీళ్ళు తండ్రికోసం కాదు, పూల ఘాటుకి.

అక్కడితో ఆగలేదు నేను. వెనకటి భాగాలన్నీ విన్నాను. కాఫీ, చెంచా, నాన్న, నిద్ర. ఇవీ చిన్నమాటలే. ఆ ముసలాయన కాఫీలో కలపకూడనిది కలిపింది ఆవిడే! మనం మహాతల్లిని చేసి ఊరేగించిన మనిషి తండ్రిని చంపిన మనిషి! నువ్వు 'తల్లిలాంటి వదిన' అని రాసిన సీన్లో ఆవిడ మరిదిని కుక్కా అని తిడుతోంది. కుక్క మూడో పాఠం.

నీకు స్పానిష్ రాదు. ఒక్క అక్షరం రాదు. ఇన్నేళ్ళు పక్కపక్కనే చెమటలు కార్చుకుంటూ పనిచేశాం, నాతో కూడా చెప్పలేదు నువ్వు. స్టూడియో ఓనర్ని మోసం చెయ్యి, జనాన్ని మోసం చెయ్యి, వాళ్ళు దానికి తగినవాళ్ళే. ఆ మైకు ముందు ప్రాణంపెట్టి ఏడ్చిన దాన్ని నేను. మందుల షాపులో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని "మా నాన్న పోయినప్పుడు మీ మాట అనుకునే బతికానమ్మా" అంటే, నేను ఆ మాట దొరసానిదనుకుని పొంగిపోయాను. ఎవడి మాటో ఎవరి నోట్లోనో పెట్టి, మధ్యలో నన్ను గొట్టంలాగా వాడుకున్నావు.

ఛీ.

గిలక


స్టూడియో, వెనక గది, తలుపు గడియ వేసి

గిలకా,

ఛీ అనడానికి ఒక కాగితం దండగ చేశావు.

వచ్చని నేనెప్పుడన్నాను? "స్పానిష్ వచ్చా?" అని ఓనరు అడిగాడు. నేను నవ్వాను. నవ్వితే వచ్చని అనుకోవడం ఆయన ఖర్మ. స్పానిష్ కాగితాల కట్ట నా ముందు పడేశారు. నాకు అవి చీమలబారు. సౌండు తీసేసి ఆవిడ పెదాలు చూశాను. పెదాలు కలిసినచోట మ పెట్టాను, ప పెట్టాను, బ పెట్టాను. నోరు గుండ్రంగా తెరిస్తే ఓ. మొహంలో ఏముందో చూసి మాట రాశాను. ఇన్నేళ్ళలో ఒక్క పెదవి తప్పిందా? ఒక్కటి చూపించు. డిక్షనరీలు మింగినవాళ్ళు రాసే డబ్బింగులు చూశావుగా, నోరు మూసుకున్నాక కూడా మాట వస్తూనే ఉంటుంది!

కాఫీలో విషం కలిపిన ఆడదాన్ని తెచ్చి ఇంటింటికీ ఆడపడుచుని చేశాను. అది మోసమైతే అలాగే అనుకో. ఆ మొహంలో నాకు దుఃఖం కనిపించింది, అది రాశాను. పూల ఘాటని నాకేం తెలుసు?

సరే. ఇప్పుడు తిట్లు పక్కనపెట్టి విను. ఆ ఛానెల్ ఆవిడ వచ్చేవారం వస్తోంది. నాతో వాళ్ళ భాషలో మాట్లాడుతుంది. నేను మళ్ళీ నవ్వితే సరిపోదు. సంగతి బయటపడితే ఆ పూటే నన్ను వెళ్ళగొడతారు. ఈ వయసులో, ఈ గుడ్ల అట్టల గది తప్ప నేనెరిగిన లోకం ఏముంది? పెదాల మీద మాటలు అతకడం తప్ప నాకింకో పని రాదు. నాకు భయంగా ఉంది గిలకా.

నువ్వొచ్చి పక్కన కూర్చోవాలి.

అన్నయ్య


మేడమీద గది

భయస్థుడికి,

వస్తాను. నీమీద ప్రేమ పొంగి కాదు. మన ఇంటిపేరు బజారున పడితే మీ బావ ఆ సంగతి ముసలితనం దాకా గట్టిగా అరిచి చెబుతాడు, అది భరించలేక.

ఇదివరకు నువ్వు రాస్తే నేను చదివాను. ఈ ఒక్క పూట నేను రాస్తాను, నువ్వు చదువు. ఆవిడ అడిగినదానికి నేను పక్కన కూర్చుని చీటీ మీద స్పానిష్ జవాబు మన లిపిలో రాసి జరుపుతాను. నువ్వు నీ మామూలు గొప్పతనంతో పలుకు. అర్థం తెలిసినట్టు మొహం పెట్టడం నీకు కొత్తకాదు. నోరు తిరగకపోతే దగ్గు. మర్యాదగా దగ్గు.

నాకు వర్తమానకాలం తప్ప రాదు. జరిగిపోయినవాటి పాఠం ఇంకా మొదలుపెట్టలేదు. అందుకని పాత సంగతులు అడిగితే ఇద్దరం నవ్వుదాం.

డాక్టరు మౌనం ఇంకో నెల పొడిగించాడు. నేను రాసే చూపిస్తానని ఆవిడకి ముందే చెప్పించు. మైకు మీద తుంపరలు పడ్డాయా?

గిలక


స్టూడియో, వెనక గది

ఒసే గిలకా,

పని చెడగొట్టింది నీ పెదాలే! నేను చీటీ చూసి పలుకుతున్నంతసేపూ నీ పెదాలు నా మాటకి సరిగ్గా కదులుతూనే ఉన్నాయి. ఒక్క అక్షరం వెనకా ముందూ లేకుండా! మైకు ముందు చేసే అలవాటు అక్కడ కూడా చెయ్యాలా? ఆవిడ మొదట నా మొహం చూసింది, తర్వాత నీ మొహం చూసింది, ఆ తర్వాత నన్ను చూడటమే మానేసింది. కుర్చీలో పనికిమాలిన రేడియోలాగా కూర్చున్నాను.

నన్ను కాఫీ తెమ్మని పంపింది. అంత పెద్ద రచయితని! ఆ మిషన్ దగ్గర ఆలస్యమైంది. నేను వచ్చేసరికి కప్పులు చల్లారిపోయాయి, ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటోంది, నువ్వు బ్యాగు సర్దుకుంటున్నావు. మాటా పలుకూ లేకుండా బావతో బస్సెక్కి వెళ్ళిపోయావు. నన్ను ఉంచుతారా, పంపుతారా? అక్కడ ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి.

అన్నయ్య


మేడమీద గది

అన్నయ్యకి,

గాభరాపడకు. నీ కుర్చీ ఎక్కడికీ పోలేదు.

నువ్వు బయటికెళ్ళగానే ఆవిడ సూటిగా అడిగింది, "ఆయనకి మా భాష వచ్చా?" అని. నేను కాగితం మీద రాసి చూపించాను. రాదు, రాయడం వచ్చు అని రాశాను. అబద్ధం రాయడానికి నాకు అంత వ్యాకరణం రాదు. ఆవిడకి ముందు కోపం వచ్చింది. అప్పుడు మన శవపేటిక సీను పెట్టి చూపించాను, నా గొంతుతో ఉన్నది. ఆవిడకి మాట అర్థం కాదు కదా. అందుకని నువ్వు రాసిన డైలాగుని నా మొదటి పుస్తకం మాటల్లోకి మార్చి, అదీ కాగితం మీదే రాసిచ్చాను. పెట్టె. నాన్న. ఊపిరి. నా మాటలో నువ్వు బతుకుతున్నావు. చదివి నవ్వింది. తర్వాత నవ్వలేదు. వాళ్ళమ్మ ఈ మధ్యే పోయిందట.

ఆవిడ చెప్పిందేమిటంటే, ఇంతవరకూ జరిగింది జరిగిపోయింది. చివరి భాగాలు మాత్రం ఉన్నదున్నట్టు రావాలి. దొరసాని ఏమంటే అదే రావాలి. కాగితాలు నేను చదివి నీకు చెప్పాలి, నువ్వు పెదాలకి అతికించాలి. నీ బోడి పెత్తనం పోయింది, పని మిగిలింది. సంతోషించు.

నేను నోరు విప్పలేదు. నీకు అనుమానం వద్దు. డాక్టరు వచ్చే నెల మాట్లాడొచ్చన్నాడు. అప్పుడొచ్చి నా మైకు తీసుకుంటాను. ఆ పిల్లని ఇంకెక్కడైనా తుమ్ముకోమను.

గిలక


స్టూడియో, వెనక గది, ఫ్యాను ఆపి

గిలకా,

కాఫీ మిషన్ దగ్గర నాకు ఆలస్యం కాలేదు. రెండు కప్పులూ పట్టుకుని తలుపు బయటే నిలబడ్డాను. నా బతుకు లోపల తేలుతుంటే కాఫీ ఎవడికి కావాలి?

లోపల ఎవరో మాట్లాడారు. బొంగురుగా, రాయి మీద ఇనుప బకెట్టు ఈడ్చినట్టుంది. ఈ గదిలోకి మూడో మనిషి ఎప్పుడొచ్చిందా అనుకున్నాను. అప్పుడు మాటకి ముందు తీసుకున్న ఊపిరి వినిపించింది. నాలుక అంగిటికి తగిలి చిన్న టక్ అనే ఊపిరి. సౌండాయన ఇన్నేళ్ళూ తిట్టుకుంటూ ప్రతి డైలాగు ముందూ కత్తిరించిన ఊపిరి అది. నీదే.

నువ్వు ఏమన్నావో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతు మాత్రం అర్థమైంది.

ఆ రాత్రే బావకి ఫోన్ చేశాను. అవును, నేనే, ఫోనే. డాక్టరు మౌనం ఎప్పుడో తీసేశాడట కదా. ఇక ఇంతే, ఈ గొంతే మిగిలిందని మొదట్లోనే చెప్పాడట కదా. మాట్లాడగలిగీ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా, పిల్లల బెంచీ మీద కూర్చుని పిల్లి జాడ చెప్పుకుంటున్నావు. ఉత్తరాలు రాసింది నేను ఫోన్ తియ్యననేనా? నీ గొంతు నేను వినకూడదని రాశావు. నువ్వు నన్ను మోసగాడంటావు!

జాలి పడుతున్నాననుకోకు. ఇంత దరిద్రమైన గొంతు నా జన్మలో వినలేదు. నాన్న పెట్టిన పేరు ఇన్నాళ్ళకి సార్థకమైంది.

నేనూ ఒకటి దాచాను. నీ ఆపరేషన్ అయిన కొద్దిరోజులకే దొరసాని పాత్ర కొత్తపిల్లకి ఇచ్చేశారు. తాత్కాలికం కాదు. వద్దని ఓనరుతో గొడవపడ్డాను, ఆయన నవ్వాడు. నేను నేర్పిన నవ్వే. నీకెలా రాయాలో తెలియక మైకు నీదేనని రాస్తూ వచ్చాను. చెల్లుకు చెల్లు.

ఇప్పుడు పని సంగతి. ఆఖరి భాగంలో దొరసాని జైలు గదిలో కూర్చుని ఉంటుంది. ముసలిదైపోయింది. పూలు లేవు, కన్నీళ్ళు లేవు. కెమెరా కేసి చూసి చాలాసేపు మాట్లాడుతుంది. సౌండు తీసి ఆ పెదాలు చూశాను. మ ఎక్కడ పెట్టాలో, బ ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. ఏం రాయాలో మాత్రం మొదటిసారి తోచలేదు. మచ్చుకి ఏదో గీకి ఇస్తే, కొత్తపిల్ల దాన్ని బొమ్మ విరిగిన పిల్లలాగా ఏడ్చి చదివింది. సౌండాయన హెడ్‌ఫోన్లు విసిరికొట్టాడు. ఆ తర్వాత ఆ సీన్లో సౌండు పెట్టి విన్నాను. ఆ దొరసాని గొంతు కూడా పాడైపోయింది గిలకా. అచ్చం నీలాగే ఉంది.

సౌండాయనకి చెప్పాను, ఇది చదవగలిగేది ఒక్కతే అని. ఆయన ఒప్పుకోలేదు. వినకుండా ఆయన దేనికీ ఒప్పుకోడు. అందుకని ఈ ఉత్తరంతో పంపుతున్న కాగితాల నకలు చదివి, ఆవిడ నిజంగా ఏమంటోందో ముందు నువ్వు ఆయన వినేలా నాకు చెప్పాలి. కల్పించి రాయను. నా మాట ఒక్కటి కూడా కలపను. నువ్వు చెబితే రాస్తాను, తర్వాత నువ్వే చదవాలి.

ఇంక నాకు ఉత్తరాలు రాయకు. ఈ ముక్క చదివాక కాగితం పక్కనపెట్టి ఫోన్ చెయ్యి. బల్ల మీద, స్పానిష్ కాగితాల పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. మోగితే ఎలా తియ్యాలో సౌండాయన చూపించాడు.

అన్నయ్య